భారతమాత ఏ రంగులో ఉంటుంది? పాప వేషం దగ్గర మొదలైన సందేహం

పాలపిట్ట · ఆగస్టు 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బొమ్మల గురించి తెలిసినవారు ఇక్కడ ఎక్కువమంది ఉన్నారని అడుగుతున్నాను. వేరే విభాగంలో పెట్టాల్సిన ప్రశ్న అయితే చెప్పండి, మారుస్తాను.

మా పాపకు ఎనిమిదేళ్లు. పంద్రాగస్టుకు బడిలో జరిగే వేషాల పోటీలో భారతమాత వేయాలని నెల రోజులుగా ఎదురుచూస్తోంది. నిన్న బడికి వెళితే వాళ్ల టీచరమ్మ ఎంతో మర్యాదగా, "మీ పాపకు ఝాన్సీ లక్ష్మీబాయి బాగుంటుందండీ, భారతమాతకు వేరే అమ్మాయిని అనుకున్నాం" అన్నారు. ఆ వేరే అమ్మాయి నాకు తెలుసు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే అల్లరి. ఆ పిల్ల తెల్లగా ఉంటుంది, మా పిల్ల చామనచాయ కంటే ఇంకొంచెం ముదురు. నేను మొహం ముడుచుకున్నానని కాబోలు, "ఇద్దరూ వేయొచ్చు, కాకపోతే కాస్త పౌడరు దట్టంగా వేసి పంపండి" అన్నారు. ఆ మాట పాప వినేసింది. దారిలో అడిగింది: "అమ్మా, భారతమాత తెల్లగా ఉంటుందా?"

నేను బ్యాంకు ఉద్యోగిని. లెక్కలు అడిగితే చెప్పగలను గానీ దీనికి జవాబు తోచలేదు. రాత్రి ఫోనులో వెతుకుతుంటే పుష్పమాల అనే బెంగళూరు కళాకారిణి తానే భారతమాతగా ముస్తాబై తీయించుకున్న ఫొటోలు కనబడ్డాయి. అలంకారమంతా క్యాలెండర్ దేవతది, మనిషి మాత్రం మన వీధిలో కనిపించే నడివయసు ఆవిడ. ఎంతసేపు చూసినా దేవత కనబడలేదు, వేషం కట్టిన మనిషే కనబడింది. అది భక్తా, వెక్కిరింపా? తెలిసినవారు చెప్పగలరు.

కుంచెలపెట్టె · ఆగస్టు 2, రాత్రి 10:25

పాలపిట్ట గారూ, మీకు ఆ రెండూ కాదనిపించింది కాబట్టే అడిగారు. మీకు అనిపించిందే సరైనది.

పుష్పమాల 1956లో బెంగళూరులో పుట్టారు. బరోడాలో శిల్పం చదివారు, చాలాకాలం బొమ్మలు చేశారు. 1990ల మధ్యలో మట్టిని పక్కనపెట్టి తన ఒంటినే మట్టిగా వాడుకోవడం మొదలుపెట్టారు. కెమెరా పట్టేది వేరొకరు, బొమ్మలో ఉండేది ఆవిడ. 2000 నుంచి 2004 దాకా క్లేర్ ఆర్నీ అనే ఫొటోగ్రాఫరుతో కలిసి దక్షిణ భారత స్త్రీల మీద ఒక వరుస చేశారు. అందులో రవివర్మ గీసిన లక్ష్మి, వెన్నెల్లో కూర్చున్న రవివర్మ నాయిక ఉన్నారు. పత్రికలో అచ్చయిన పోలీసు ఫొటోలోని నేరస్థురాలు ఉంది. తెల్లదొరల కాలంలో మానవశాస్త్రం పేరుతో గళ్ల తెర ముందు నిలబెట్టి ఒళ్లు కొలిచారే, అలాంటి గిరిజన స్త్రీ కూడా ఉంది. అందరూ ఆవిడే. అదే ముక్కు, అవే బుగ్గలు. లక్ష్మికి దండం పెట్టబోయి పక్క ఫొటోలో నేరస్థురాలిని చూసి చెయ్యి ఆగిపోతుంది. ఆ ఆగడం కోసమే అంత శ్రమ అని నా అభిప్రాయం. 2005 ప్రాంతంలో మొదలైన భారతమాత వరుస దీనికి కొనసాగింపు. అంతకుముందు రవివర్మనూ పోలీసు ఫొటోనూ చూసిన కళ్లతోనే దాన్నీ చూడాలి.

పాప ప్రశ్నకు రేపు రాస్తాను. చిన్నపిల్ల ప్రశ్న కాబట్టి పుస్తకం తీసి చూసి మరీ చెప్పాలి.

నాగావళి · ఆగస్టు 3, ఉదయం 7:05

క్షమించాలి, పానకంలో పుడకలా వస్తున్నాను. ఎనిమిదేళ్ల పిల్ల వేషానికి ఇంత తత్వం అవసరమా? బడివాళ్లు ఏదో అన్నారు, మీరు పౌడరు వేయకుండా పంపండి, అయిపోయింది. ఇంకో మాట. వేషం కట్టి ఫొటో దిగితే అది గొప్ప కళ అయితే, మా ఊరికి వచ్చే పగటివేషగాళ్లు ఎవరికి తీసిపోయారు? వాళ్లకు గ్యాలరీ లేదు, అంతేగా?

బాపట్ల తాత · ఆగస్టు 3, ఉదయం 8:50

నాగావళి గారూ, మీరు విసురుగా అన్నా అసలు సంగతి పట్టుకున్నారు. పగటివేషగాళ్లు నిజంగానే ఎవరికీ తీసిపోలేదు. నా చిన్నప్పుడు అర్ధనారీశ్వరుడి వేషం వచ్చేది. ఒక చేత్తో మధ్యలో తెర పట్టుకుని ఇటు తిరిగితే శివుడు, అటు తిరిగితే పార్వతి. మనిషి ఒకడేనని ఊరందరికీ తెలుసు, అయినా తెర తిరిగేసరికి మా అమ్మ చేతులు జోడించేది. అన్ని వేషాలూ అయ్యాక చివరి రోజున అదే మనిషి మామూలు పంచెలో వచ్చి ఇంటింటా సంభావన అడిగేవాడు. ఆ రోజు అతని మొహం చూడటానికి నాకు సిగ్గేసేది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

ఆడవేషాలకు పేరుపడ్డ నాటకాల నటుడు, మా ఊరి స్థానం నరసింహారావు గారి సంగతి ఎవరికి తెలియదు? సత్యభామగా ఆయన నడక చూసి ఆడవాళ్లు నడక నేర్చుకున్నారనేవారు పెద్దలు. అందులో అతిశయోక్తి ఉందనుకున్నా, ఆ మాట పుట్టడమే ఒక విశేషం. ఆడతనం అంటే ఏమిటో జనానికి ఒక మగవాడు చూపించాడు. వేషం అబద్ధమని అందరికీ తెలిసినా నడక మాత్రం నిజమైంది.

పాపకు ఇంకొకటి చెప్పండమ్మా. ద్రౌపదికి కృష్ణ అని పేరు. అంటే నల్లనిది. మరి మన సినిమాల్లో ఒక్క నల్లని ద్రౌపదినైనా చూశామా?

పాలపిట్ట · ఆగస్టు 3, మధ్యాహ్నం 1:30

నాగావళి గారూ, పౌడరు కడిగితే పోతుంది. "దట్టంగా" అన్న మాట పోవడం లేదు. నిన్న పాప నా కాంపాక్టు డబ్బా తీసి చేతి మీద రాసుకుని చూసుకుంటోంది.

తాతగారూ, ద్రౌపది సంగతి చెప్పాను. "అయితే ద్రౌపది వేస్తాను" అంది. పంద్రాగస్టుకు ద్రౌపది ఏమిటే అన్నాను. ఇప్పుడు అలిగింది.

కుంచెలపెట్టె · ఆగస్టు 3, రాత్రి 9:15

మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను, కాస్త పొడవుగా ఉంటుంది.

మనం ఇప్పుడు భారతమాత అనగానే తలుచుకునే బొమ్మకు పేరున్న తొలి రూపం 1905లో చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ గీసినది. బెంగాల్ విభజన జరిగిన ఏడాది, స్వదేశీ ఉద్యమపు వేడి. ఆయన మొదట దాన్ని బంగమాతగా, అంటే బెంగాల్ తల్లిగా తలపోశారు. తర్వాత అది భారతమాత అయింది. వివేకానందుడి శిష్యురాలు సోదరి నివేదిత దాన్ని ఎంతగానో మెచ్చుకుని రాశారు. ఒక ప్రాంతపు తల్లి దేశపు తల్లిగా మారడానికి గీత ఒక్కటి కూడా మార్చాల్సిన పని పడలేదు, పేరు మారిస్తే సరిపోయింది. ఇది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఇక ఆ బొమ్మలో ఏముందో చూడండి. కాషాయం కట్టిన ఒక యువతి, చూడటానికి వైష్ణవ సన్న్యాసినిలా ఉంటుంది. నాలుగు చేతులు. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో వరి కంకులు, ఒక చేతిలో తెల్లని బట్ట, ఒక చేతిలో జపమాల. అంటే చదువు, తిండి, బట్ట, దీక్ష. తల వెనుక కాంతివలయం, పాదాల దగ్గర తెల్లని తామరలు. లేనివి కూడా చెప్పాలి: కిరీటం లేదు, సింహం లేదు, త్రిశూలం లేదు, జెండా లేదు. అవన్నీ తర్వాత క్యాలెండర్లు, అగ్గిపెట్టెలు, పోస్టర్లు వేసినవారు తొడిగిన నగలు. తెలుపు రంగుకూ చాలావరకు ఆ అచ్చు బొమ్మలే కారణమని నా అనుమానం. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టాక దేవతల బొమ్మలు ఇంటింటి గోడకూ చేరాయి. ఆ లక్ష్మీ సరస్వతుల ఒంటి ఛాయే మనకు దేవతల ఛాయ అయిపోయింది.

కాశీలో భారతమాత గుడి ఉంది, 1936లో గాంధీ ప్రారంభించారు. లోపల విగ్రహం ఉండదు. నేల మీద పాలరాతిలో చెక్కిన అవిభక్త భారతదేశ పటం ఉంటుంది, కొండలూ నదులూ ఎత్తుపల్లాలతో. ఆమె ఏ రంగు అని అక్కడ అడిగితే పాలరాయి రంగు అనాలి, ఇది కూడా తెలుపే అయింది, ఏం చేస్తాం!

వేపచెట్టు నీడ · ఆగస్టు 4, ఉదయం 6:40

ప్రాంతపు తల్లి అన్నారు కాబట్టి మా సంగతి చెప్పాలి. మాది కరీంనగర్ వైపు. తెలంగాణ తల్లికి ఉద్యమకాలం నుంచీ కిరీటం, చేతిలో బతుకమ్మ ఉన్న రూపం అలవాటు. 2024 డిసెంబరు 9న సచివాలయం ఆవరణలో కొత్త విగ్రహం పెట్టారు. ఆకుపచ్చ చీర, కిరీటం లేదు, ఒక చెయ్యి అభయం, ఒక చేతిలో వరి, మొక్కజొన్న, జొన్న, సజ్జ కంకులు. అప్పుడు జరిగిన గొడవ మీకందరికీ గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లోనే రెండు పార్టీలు. తల్లి అంటే కిరీటం ఉండాలని మా బాబాయి, పొలానికి వెళ్లే తల్లికి కిరీటమేమిటని మా అమ్మ. రాజకీయాల సంగతి పక్కనపెడితే, మన తల్లి రాణియా, కూలికి వెళ్లే మనిషా అన్న ప్రశ్న మీద అన్నంగిన్నె ముందు గంటసేపు వాదించుకున్నాం. కళావిమర్శ అంటే అదేనేమో.

ఈ మాట రాగానే చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మలు చెప్పకుండా ఉండలేను. మా జిల్లావారే. 1942లో బూరుగుపల్లిలో పుట్టారు. పెద్ద బొట్టు, ముదురు ఛాయ, ఎర్రటి పసుపుపచ్చని చీరలు, నిండైన ఒళ్లు, భుజం మీదో చేతి మీదో చిలుక. పాలపిట్ట గారూ, మీ పాపకు ఆ బొమ్మలు చూపించండి. తెల్లని స్త్రీ ఒక్కరూ ఉండరు.

కానీ నాకు ఆ బొమ్మలతో ఒక పేచీ ఉంది. మా నాయనమ్మ ఆ వయసులో అలా లేదు. ఆవిడ ఎముకలగూడు. బీడీలు చుట్టీ చుట్టీ వేళ్లు వంగిపోయాయి. ఆవిడ దగ్గర ఉన్నవి రెండు చీరలు, రెండూ వెలిసినవే. నగరంలో ఖరీదైన ఇళ్ల గోడల మీద వైకుంఠం గారి తెలంగాణ స్త్రీని చూసినప్పుడల్లా, ఈవిడ ఎవరింటి ఆవిడ అనిపిస్తుంది.

కుంచెలపెట్టె · ఆగస్టు 4, ఉదయం 10:10

మంచి పేచీ. అయితే ఒక సంగతి కలపనివ్వండి. వైకుంఠం చిన్నతనంలో ఊళ్లోకి వచ్చే నాటకాల బృందాల్లో ఆడవేషం వేసే మగవాళ్లను చూసి మురిసిపోయేవారట. ఆ ముఖాల రంగులు, ఆ అతిశయమైన బొట్లు ఆయన బొమ్మల్లోకి వచ్చాయని ఆయన గురించి రాసినవారంతా చెబుతారు. అంటే మనం "అసలైన తెలంగాణ స్త్రీ" అని గోడకు తగిలించుకున్నది కొంతవరకు వేషమే. తాతగారి స్థానంవారు ఇక్కడ కూడా నవ్వుతున్నారు. నాకు ఆ బొమ్మల విలువ అది తెలిశాక పెరిగింది, తగ్గలేదు. మీ నాయనమ్మగారిని వెతకాలంటే చిత్రకారుడు లక్ష్మాగౌడ్ తొలినాటి ఎచింగుల్లో, అంటే లోహపు పలక మీద గీత గీసి అచ్చువేసే బొమ్మల్లో వెతకండి. మెదక్ జిల్లా నిజాంపూర్ మనిషి. ఆ గీతల్లో ఎండా ఉంది, కసీ ఉంది.

రవీందర్ రెడ్డి శిల్పాలు కూడా చూడండి. సూర్యాపేటలో పుట్టి, బరోడాలోనూ లండన్‌లోనూ చదివి, విశాఖలో స్థిరపడ్డారు. ఫైబర్‌గ్లాసుతో మనిషిని మించిన స్త్రీల తలలు చేస్తారు. కొన్నిటికి ఒళ్లంతా బంగారు పూత, కొప్పులో పూలు, రెప్ప వేయని కళ్లు. కొప్పు చూస్తే రైతుబజారులో బేరమాడే ఆవిడ, కళ్లు చూస్తే గర్భగుడిలో అమ్మవారు. రెంటిలో ఎవరో తేల్చుకోలేక ఒకసారి ఆ తల ముందు చాలాసేపు నిలబడిపోయాను. కాపలా మనిషి వచ్చి ముట్టుకోవద్దన్నాడు, నేను ముట్టుకోనేలేదు.

మట్టిపలక · ఆగస్టు 4, మధ్యాహ్నం 3:20

అందరూ తల్లి గురించే మాట్లాడుతున్నారు. ఆ తల్లి ఇంట్లోకి ఎవరిని రానిచ్చింది అనేది కూడా గుర్తింపు ప్రశ్నే కదా.

నాగపూర్‌కు చెందిన చిత్రకారుడు సవి సావర్కర్ ఎచింగులు చూడండి. పీష్వాల కాలంలో అంటరానివారు మెడలో ముంత, నడుముకు చీపురు కట్టుకుని నడవాలన్న ఆచారం ఉండేది కదా, ఉమ్మి నేల మీద పడకుండా, అడుగుల జాడ తుడిచిపోయేలా. ఆయన ఆ మనిషిని గీశారు. చరిత్ర పుస్తకంలో ఒక వాక్యంగా చదివి పేజీ తిప్పేసినదాన్ని ఆ బొమ్మలో తప్పించుకోలేం. పుష్పమాల ఏ వేషమైనా కట్టి విప్పేయగలరు, అది ఆమె బలం, నేను కాదనను. ఈ ముంతను కట్టుకున్నవాడు కట్టుకోలేదు, కట్టారు. విప్పే హక్కు అతనిది కాదు.

పాలపిట్ట గారూ, మీ పాపకు బడిలో జరిగింది చిన్నదేమీ కాదు. నాగావళి గారు ఏమీ అనుకోవద్దు.

నాగావళి · ఆగస్టు 4, సాయంత్రం 6:00

అనుకోలేదండీ. ఆ బొమ్మ వెతికి చూశాను. నిన్న పొద్దున రాసినంత తేలిగ్గా ఇప్పుడు రాయలేను.

ఎర్రమందారం · ఆగస్టు 4, రాత్రి 8:45

ఇన్ని చెప్పి చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ పేరెత్తరేమిటి? భారతమాత పేరుతో అంత రభస జరిగింది ఆయన మీదే కదా. మన హైదరాబాదులో సినిమా ఘర్ అనే మ్యూజియం పెట్టుకున్న మనిషి. దేశపటం ఆకారంలో ఒక నగ్న స్త్రీని గీశారు. 2006లో అది భారతమాత పేరుతో వేలానికి రావడంతో కేసుల మీద కేసులు. ఆ పేరు ఆయన పెట్టింది కాదు. 2008లో ఢిల్లీ హైకోర్టు కేసులు కొట్టేసింది. అయినా అప్పటికే దేశం విడిచి వెళ్లిన ఆయన తిరిగి రాలేదు. 2010లో ఖతార్ పౌరసత్వం తీసుకున్నారు, 2011లో లండన్‌లో పోయారు. దేశం గీసినవాడికి దేశం లేకుండా పోయింది.

సూర్యనమస్కారం · ఆగస్టు 4, రాత్రి 9:02

కోర్టు కొట్టేసినంత మాత్రాన మనసు నొచ్చుకున్నవాళ్ల నొప్పి అబద్ధం అవుతుందా? నాకు తల్లి అన్నప్పుడు నాకు తల్లే. ఆవిడను అలా చూడలేను. దానికి నేను మూర్ఖుడినని అనిపించుకోవడానికి సిద్ధం.

వేదిక నిర్వాహకులు · ఆగస్టు 4, రాత్రి 9:30

ఇద్దరి మాటా ఉంచుతున్నాం. దీని తర్వాత వచ్చిన పదకొండు వ్యాఖ్యలు తీసేశాం. హుసేన్ గారి మీద పాత చర్చ ఒకటి ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ పాప వేషం సంగతి తేలాలి.

దూరతీరం · ఆగస్టు 5, ఉదయం 5:15

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. మా అబ్బాయిని బడిలో ఎవరో "నువ్వు అసలు ఎక్కడివాడివి" అని అడిగితే "రెండో అంతస్తు" అన్నాడట. నవ్వుకున్నాం గానీ నేను మాత్రం ఆ ప్రశ్నకు పాతికేళ్లుగా పొట్టి జవాబు చెప్పలేకపోతున్నాను.

అందుకే నాకు తల్లి బొమ్మల కంటే జరీనా అనే కళాకారిణి ముద్రణ చిత్రాలు దగ్గరగా అనిపిస్తాయి. 1937లో అలీగఢ్‌లో పుట్టారు, అక్కడే లెక్కలు చదివారు. దేశవిభజన తర్వాత కొన్నేళ్లకు కుటుంబం పాకిస్తాన్ వెళ్లిపోయింది. ఆవిడ భర్త ఉద్యోగం వెంట ఊళ్లు తిరిగి, చివరికి న్యూయార్క్‌లో దశాబ్దాలు గడిపి, 2020లో లండన్‌లో కన్నుమూశారు. 1999లో చేసిన ఒక వరుసలో 36 చెక్క అచ్చులు. ఒక్కో దానికి ఒక్కో ఉర్దూ మాట: ఇల్లు, గడప, తలుపు, గోడ, దూరం, సరిహద్దు, అలా. మనిషి బొమ్మ ఎక్కడా లేదు, నల్లని గీతలు మాత్రమే. "గడప" అనే మాట తెలిసినవాడికి ఆ గీత గడప, తెలియనివాడికి ఉత్త గీత. మనింట్లో గడపకు పసుపు రాసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

2001లో ఆవిడ విభజన రేఖ మీద ఒక చెక్క అచ్చు చేశారు. రెండు దేశాల మధ్య గీత. చెక్క అచ్చులో చెక్కేసిన భాగం తెల్లగా వస్తుంది, మిగిల్చిన భాగానికి సిరా అంటుతుంది. అంటే ఆవిడ ఆ గీతను చెక్కలేదు, గీత ఒక్కటీ మిగిలేలా చుట్టూ ఉన్న నేలనంతా తవ్వేశారు. రెండువైపులా ఉన్నది పోయింది, నడుమ ఉన్న గీత నిలిచింది.

మనవాళ్లతో ఒక బంధం కూడా ఉంది. 1960లలో జరీనా పారిస్‌లో హేటర్ అనే కళాకారుడు నడిపిన ముద్రణశాలలో పని నేర్చుకున్నారు. అక్కడ హేటర్‌కు కుడిభుజంగా ఉన్నది మన చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి. సిరాల చిక్కదనంలో తేడాను వాడుకుని ఒకే పలక మీద నుంచి ఒకేసారి పలు రంగులు అచ్చువేసే పద్ధతిని పెంపొందించినవారిలో ఆయన ముఖ్యుడు. ఆయన కూడా న్యూయార్క్‌లోనే స్థిరపడి 2018లో పోయారు. తెలుగువాడిగా ఆయన బొమ్మల్లో తెలుగుతనం ఎక్కడుందని ఎవరైనా అడిగితే నాకు చెప్పడం రాదు. నీటి అలలున్నాయి, విత్తులున్నాయి, మొగ్గలున్నాయి. ఊరు లేదు. ఉండాలని ఎందుకు ఆశిస్తామో అదీ తెలియదు.

వేపచెట్టు నీడ · ఆగస్టు 5, ఉదయం 9:20

గీత అన్నారు కాబట్టి శిల్పా గుప్తా అనే కళాకారిణి చేసిన ఒక వస్తువు గుర్తొచ్చింది. భారత పాకిస్తాన్ సరిహద్దు కంచె పొడవును 14.9వ వంతుకు తగ్గించి, అంత పొడవు దారాన్ని చేత్తో చుట్టి ఒక గుడ్డులాంటి ఉండ చేశారు. అద్దాల పెట్టెలో పెడతారు. అంత కంచె ఒక్క పెట్టెలో ఇమిడే ఉండ అయింది. చుట్టినప్పుడు చెయ్యి ఎంత నొప్పి పుట్టిందో అని మా నాయనమ్మ బీడీల వేళ్లు గుర్తొచ్చాయి. ఆవిడ చేతి మీద పచ్చబొట్టు ఉండేది. వైకుంఠం గారి బొమ్మలు నిన్న మళ్లీ చూశాను. కొన్నిటిలో పచ్చబొట్లు ఉన్నాయి. నా పేచీ పూర్తిగా పోలేదు, కాస్త సడలింది.

పాలపిట్ట · ఆగస్టు 6, రాత్రి 10:00

అన్నీ చదివాను, కొన్ని పాపకు చదివి వినిపించాను. అవనీంద్రుడి బొమ్మ చూసి "ఈవిడ భారతమాతా? మరి కిరీటం?" అంది. లేదన్నాను. కాసేపు ఆలోచించి, "కిరీటం అద్దె మిగులుతుంది కదమ్మా" అంది. బ్యాంకు రక్తం.

ఆ వేషమే వేద్దామని తీర్మానించాం. కాషాయం చీర మా అత్తగారిది ఉంది. మిగిలిన రెండు చేతులు ఎలా?

బాపట్ల తాత · ఆగస్టు 7, ఉదయం 7:30

పాత చొక్కా చేతుల్లో దూది కూరి, చివర గ్లవుజులు కుట్టి, వీపుకు అట్టముక్క కట్టి దానికి బిగించండి. మా నాటకాల్లో అంతే చేసేవాళ్లం. గట్టి తీగ లోపల పెడితే పుస్తకం నిలబడుతుంది. వరి కంకులు మా మనవడు పంపిస్తాడు, చిరునామా వేదికవారికి రాయండి. పౌడరు వద్దు.

పాలపిట్ట · ఆగస్టు 15, మధ్యాహ్నం 2:10

అయిపోయింది. చేతులు నిలబడ్డాయి, ఎక్కేటప్పుడు జపమాల మాత్రం మెట్ల మీద జారి పడింది. పౌడరు వేయలేదు. వేదిక మీద మరో ముగ్గురు భారతమాతలు ఉన్నారు, ముగ్గురికీ కిరీటాలు, ఇద్దరికి జెండాలు, ఒకరికి బొచ్చు సింహం. మైకు పట్టుకున్న సారు మా పాప వంతు వచ్చేసరికి కాగితం చూడకుండా "ఇప్పుడు మీరాబాయి" అన్నారు. పాప మైకు దగ్గరకు వెళ్లి "నేను మీరాబాయి కాదు సార్, పాత భారతమాత" అంది. జనం నవ్వారు. ఆయనకు వినబడలేదనుకుంటాను.

మూడో బహుమతి వచ్చింది. ప్రశంసాపత్రం మీద పేరు పక్కన "మీరాబాయి" అనే రాసి ఉంది. దిద్దిస్తానంటే వద్దంది. తనే నీలం స్కెచ్ పెన్నుతో కొట్టేసి పైన రాసుకుంది, "భ"కు ఒత్తు పెట్టడం మరిచిపోయింది. ఫ్రిజ్ మీద అంటించాం.

తాతగారూ, వరి కంకులు పిచ్చుకల కోసం బాల్కనీలో కట్టింది.